పెరుగన్నంలో జిలేబి

పెరుగన్నంలో జిలేబి కలుపుకొని తినని వాళ్ళను చూస్తే నాకు జాలి. ఈ మాట మొదటే చెప్పేస్తున్నాను. ఎక్కడ చెప్పినా ఎదుటివాళ్ళు మొహం చిట్లిస్తారు, ఆ తర్వాత నేనేం చెప్పినా వాళ్ళ చెవికెక్కదు. చిట్లించేవాళ్ళు ఇప్పుడే ఆ పని ముగించుకోండి.

చేసే పద్ధతి కూడా చెబుతాను. అన్నం వేడి ఆరాక మెత్తగా పిసికి, పుల్లబడీ పడని పెరుగు పొయ్యాలి. ఉప్పు ఒక రవ్వ ఎక్కువే ఉండాలి. జిలేబి ఆ పూట చేసినదై, పైన కరకరలాడుతూ లోపల పాకంతో ఉండాలి. దాన్ని తుంచి అన్నం మీద వేసి, పాకం పెరుగులోకి దిగుతూ ఉండగానే తినెయ్యాలి. ఆలస్యం చేస్తే జిలేబి నానిపోతుంది, తొందరపడితే పులుపూ తీపీ విడివిడిగానే ఉంటాయి. మధ్యమధ్య ఉప్పులో ఊరిన మామిడి పిందెను ఒక కొరుకు కొరకాలి. దీన్ని తప్పు పట్టిన వాళ్ళలో తిని చూసి తప్పు పట్టినవాళ్ళు నాకు ఇంతవరకు కనబడలేదు.

ఇది మా నాయన నేర్పిన తిండి. ఆయన పెరంబూరు రైలు వర్క్‌షాపులో ఫిట్టరు. ఇంట్లో మేం ముగ్గురమే, అమ్మ, నాయన, నేను. ఆదివారం మధ్యాహ్నం ఆయన స్టేషను దగ్గరి మిఠాయి కొట్టు నుంచి కాగితం పొట్లంలో నాలుగు జిలేబీలు తెచ్చేవాడు. అమ్మకు ఒకటి. ఆమె దాన్ని మనుషులు తినేలాగా విడిగా తినేది. మిగిలిన మూడూ నాకూ నాయనకూ. మూడోదాన్ని విరిచేటప్పుడు పెద్ద సగం నాకే ఇచ్చేవాడని రాయాలని ఉంది గానీ, నిజానికి అది ఆయనే తీసుకునేవాడు.

మావాళ్ళు ఎన్ని తరాల కిందట ఈ ఊరికి వచ్చారో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఆఫీసు కాగితాల్లో ఇంగ్లీషు. మూడు భాషలు కలిపి మాట్లాడేవాళ్ళం, కంచంలో రెండు కలపడానికి జంకుతామా? మా క్వార్టర్సు వరసలో అందరిదీ ఇదే తంతు. పక్కింటాయనది సముద్రం ఒడ్డున ఉన్న రాయపురం. ఆయన పొద్దున్నే నిన్నటి చేపల పులుసులో తియ్యటి బన్ను ముంచుకొని తినేవాడు. ఎదురింటావిడ కాఫీలో మురుకు వేసి, అది మెత్తబడేదాకా చూస్తూ కూర్చునేది. పెళ్ళిళ్ళలో విస్తట్లో పోసిన పాయసంలో మేం అప్పళం నలిపి, అరటిపండు పిసికి కలుపుకొని జుర్రుతుంటే, గుంటూరు వైపు నుంచి వచ్చిన చుట్టాలు తినడం ఆపి చూసేవాళ్ళు. వాళ్ళు ఇడ్లీ మీద కారప్పొడి కొండలా పోసుకుంటే మేమూ అట్లాగే చూసేవాళ్ళం. పిచ్చి తిండి అనేది ఎప్పుడూ పక్క విస్తట్లోనే ఉంటుంది.

మమ్మల్ని వెక్కిరించే అమ్మ కూడా తక్కువదేం కాదు. బియ్యంలో రాళ్ళు ఏరుతూ చేటలోంచి గుప్పెళ్ళకొద్దీ పచ్చి బియ్యం నమిలేది. పచ్చి బియ్యం తింటే పెళ్ళిలో వాన కురుస్తుందంటారు. అమ్మ పెళ్ళికి వానకు పందిరే కూలిందట. ఆ సంగతి ఎత్తితే చాలు, మా జోలికి వచ్చేది కాదు.

ఊరి పేరు చెన్నైగా మారిన కొత్తలో నాయన రిటైరయ్యాడు. నేను అప్పుడు ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు టీచర్ని. నాకు తెలియంది లేదనుకునే వయసు. నాయనకు దాహం ఎక్కువైంది, బాత్రూమ్ గడప దగ్గర చీమలు చేరడం మొదలైంది. నేనే బలవంతంగా ఆస్పత్రికి తీసుకెళ్ళాను. చక్కెర జబ్బు అన్నారు. తీపి పూర్తిగా మానాలి, అన్నం తగ్గించాలి, కాకరకాయ తింటే మంచిది అన్నారు. నాయన అన్నిటికీ తల ఊపి, బయటికి రాగానే, "ఆ డాక్టరుకి ఇంకా మీసమే సరిగా రాలా, నాకి చెప్పొచ్చినాడు," అన్నాడు. ఆ ఆదివారం కూడా పొట్లం వచ్చింది.

అప్పట్లో ఇంట్లోనే చక్కెర చూసుకోవాలంటే మెడికల్ షాపులో దొరికే నీలం మందు, ఒక గాజు గొట్టం, స్పిరిటు దీపం ఉంటే సరిపోయేది. గొట్టంలో మందు పోసి, కొన్ని చుక్కల మూత్రం కలిపి కాచాలి. నీలంగానే ఉంటే చక్కెర లేనట్టు. ఆకుపచ్చగా మారితే కొంచెం ఉన్నట్టు. ఇటుక రంగు వచ్చిందంటే బాగా ముదిరినట్టు. స్కూల్లో పిల్లలకు గ్లూకోజుతో ఇదే చేసి చూపించేదాన్ని. అమ్మ దాన్ని వంటింటి ఛాయలకు రానిచ్చేది కాదు కాబట్టి, వెనక బట్టలుతికే రాయి మీద పెట్టుకొని కాచేదాన్ని. అమ్మకు కంటిచూపు మందం. రంగు చూసి చెప్పే పని నాది, దాన్ని బట్టి వంట చేసే పని ఆమెది. పచ్చ అంటే నాయనకు అన్నం, ఇటుక అంటే రాగి సంకటి. వారానికి రెండు మూడుసార్లు పరీక్ష జరిగేది, దాదాపు ప్రతిసారీ సంకటే అయ్యేది.

జిలేబి మాన్పించడానికి నేను ఒక ఉపాయం కనిపెట్టాను. దాని గురించి చాలాకాలం గర్వపడ్డాను కూడా. నాయన డాక్టర్ల మాట వినడు గానీ దేవుడికిచ్చిన మాట తప్పడు. ఒకసారి తిరుపతిలో మొక్కి బీడీ మానేశాడు. ఆ తర్వాత బీడీ పొగ వస్తే మొహం పక్కకు తిప్పుకునేవాడు. అమ్మకు కాశీ చూడాలని ఎప్పటినుంచో ఉంది, రిటైరైన నాయనకు రైలు పాసు ఉంది. కాశీకి పోయినవాళ్ళు గంగలో మునిగి, ఇష్టమైన కాయో పండో వదిలిపెట్టి రావాలి కదా. ఒక సాయంత్రం ఆయన పేపరు చదువుతుంటే పక్కన కూర్చున్నాను.

"నాయనా, కాశీలో జిలేబి వదిలెయ్."

"కాయా పండూ గదా వదిలేది. జిలేబి ఎవురన్నా వదుల్తారా?"

"ఇష్టమైంది వదలాల. నీకి ఇష్టమైంది అదే గదా."

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు. "సరి," అన్నాడు.

అంత తేలిగ్గా సరి అన్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది. కానీ నా తెలివి మీద నాకున్న నమ్మకం ఎంతంటే, మర్నాడు స్టాఫ్‌రూమ్‌లో ఈ ఉపాయం గురించి మా టీచర్లకు గొప్పగా చెప్పుకున్నాను.

అమ్మా నాయనా కాశీ నుంచి తిరిగి వచ్చిన రోజు సంచులు దించకముందే అడిగాను, ఏమేం వదిలారని. అమ్మ తనకు ప్రాణమైన వంకాయ, సీతాఫలం వదిలేసింది. నాయన వైపు చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"మీ నాయన కాకరకాయ వదిలేసినాడు మే. ముక్కు మూసుకొని మునిగి లేచి, కాకరకాయ అన్నాడు. పక్కనుండే పంతులు కూడా నవ్వినాడు."

"మరి జిలేబి?"

"అదీ వదిలినాడులే. నా చెవుల్తో విన్నా."

కాకరకాయ పోతే పోయింది, జిలేబి పోయింది కదా అని సంతోషపడ్డాను. ఇంకో సంగతి అమ్మ మాటల మధ్యలో చెప్పింది. గంగ మెట్ల మీద మిట్టమధ్యాహ్నం నాయన చెప్పుల్లేకుండా తిరిగాడట. కుడికాలి రెండో వేలి కింద బొబ్బ లేచింది. కాలుతున్నట్టు ఆయనకు తెలియనే లేదట. చూస్తే చిన్నదే, శనగగింజంత ఉంది. పసుపు రాశాం.

నెల గడిచింది. ఆదివారాల్లో పొట్లం రాలేదు. నాయన ఉత్త పెరుగన్నం తిని, మామిడి పిందె కొరికి, నిద్రపోయేవాడు. ఆయన ముందు తినబుద్ధి కాక నేనూ తెచ్చుకోలేదు. కానీ గొట్టంలో ఇటుక రంగు మాత్రం పోలేదు. బొబ్బ పుండైంది. ఆస్పత్రిలో కట్టు మారుస్తూ ఆ మీసం రాని డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. చక్కెర దిగకపోతే పుండు మానదు, పుండు మానకపోతే వేలు తీసెయ్యాల్సి వస్తుంది, అంతటితో ఆగుతుందని కూడా చెప్పలేను అన్నాడు. ఇంటికి వచ్చి అమ్మ మీద విరుచుకుపడ్డాను. సంకటిలో అన్నం ఎంత కలుపుతున్నావు, కాఫీలో చక్కెర వేస్తున్నావా అని ఆరాలు తీశాను. పాపం, ఆమె తన కాఫీలో కూడా చక్కెర మానేసి ఉంది.

ఒక శనివారం స్కూలు ఒంటిపూట. రైలు దిగి స్టేషను బయటికి వచ్చేసరికి మిఠాయి కొట్టు బల్ల మీద మా నాయన కూర్చొని ఉన్నాడు. కట్టుకట్టిన కాలు ముందుకు చాపుకొని, ఒళ్ళో అరిటాకు పరుచుకొని ఉన్నాడు. ఆకులో పక్కనున్న మెస్సు నుంచి తెచ్చుకున్న పెరుగన్నం. దాని మీద ఎర్రగా ఏదో తుంచుతున్నాడు. నేను ఎదురుగా నిలబడ్డా ఆయన చెయ్యి ఆగలేదు.

"ఇదేంది నాయనా?"

"పెరుగన్నం."

"దాంట్లో?"

"జాంగ్రీ," అన్నాడు, ఏమాత్రం తొణక్కుండా. "గంగమ్మకి ఇచ్చింది జిలేబి. అది మైదాపిండి, ఇది మినపపిండి. అది గొట్టంలాగుంటాది, ఇది పువ్వులాగుంటాది. నువ్వు సైన్సు టీచరు గదా, ఈమాత్రం తెలవదా?"

నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ దాన్ని తోసుకొని నవ్వు వచ్చేసింది. దేవుణ్ణి తప్పించుకు తిరిగే దారి కనిపెట్టిన ఆ మొహంలో ఎంత నిశ్చింత ఉందో చూస్తే ఎవరికైనా నవ్వు వస్తుంది. కొట్టాయన కూడా నవ్వాడు. నాయన పక్కకు జరిగి చోటిచ్చాడు. నేను కూర్చున్నాను. సగం నేను తింటే ఆయనకు సగమే పోతుంది కదా అని నాకు నేను చెప్పుకొని, ఆకులో చెయ్యి పెట్టాను. జాంగ్రీ జిలేబిలా కరకరలాడదు గానీ మెత్తగా, వెన్నలా పెరుగులో కలిసిపోతుంది. బాగుంది. చాలా బాగుంది.

"ఇదే కడసారి," అన్నాడు లేస్తూ. "అమ్మకి చెప్పబాక."

మర్నాడు పొద్దున ఉతికే రాయి మీద గొట్టం కాచాను. ఇటుక రంగు. గుమ్మంలో అమ్మ నిలబడి అడిగింది, ఏం రంగు అని. నిజం చెబితే ఎక్కడ తిన్నాడని అడుగుతుంది, నిన్న నేనూ అక్కడ కూర్చున్న సంగతి బయటపడుతుంది.

"పచ్చ," అన్నాను.

అమ్మ మొహం ఎంత వెలిగిందో చెప్పలేను. ఆ రోజు నాయనకు అన్నం వండి పెట్టింది. వడ్డిస్తూ వడ్డిస్తూ, "నీ ఉపాయం పనిచేసింది మే," అంది. ఆయన తల ఎత్తకుండా తిన్నాడు. ఇంక ఆయన మానేస్తాడు, నాలుగు రోజుల్లో రంగు దానంతటదే పచ్చగా మారి నా మాటను నిజం చేస్తుంది అని నా ధీమా. ఆయన మానలేదు. నేను ఇంకో మూడుసార్లు పచ్చ అన్నాను. ఆ నాలుగు అబద్ధాలకూ కారణం భయం కూడా కాదు. నేను తప్పు చేశానని ఒప్పుకోవడం నాకు చేతకాకపోవడం.

మూడో వారం నాయనకు చలిజ్వరం వచ్చింది. కట్టు విప్పితే వాసన కొట్టింది. వేలు నల్లబడి ఉంది. అదే పూట ఆస్పత్రిలో చేర్చుకున్నారు, మర్నాడు వేలు తీసేశారు. ఇంకొన్నాళ్ళు ఆలస్యమైతే పాదం పోయేదని, మళ్ళీ ఇట్లాగే జరిగితే ఈసారి పాదమేనని డాక్టరు చెప్పాడు. నాకు చెప్పలేదు, నాయనకే చెప్పాడు. నాయన ఈసారి తల ఊపలేదు.

డాక్టరు వెళ్ళాక నాయన తన కాలి కట్టు వైపు చూసుకున్నాడు. తర్వాత మామూలు గొంతుతోనే అన్నాడు. "కాశీలో జిలేబి వదిలినా. ఈడ వేలు వదిలినా. గంగమ్మని ఏమార్చలేం పాపా."

నేను బయటికి వచ్చి వరండాలో అమ్మకు అంతా చెప్పేశాను. జాంగ్రీ సంగతి, నేను పక్కన కూర్చొని తిన్న సంగతి, నాలుగుసార్లు పచ్చ అన్న సంగతి. తిడుతుందని ఎదురుచూశాను. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో. ఆమె నా మొహం వైపు కూడా చూడకుండా చేతిలో ఫ్లాస్కు మూత బిగించింది.

"నేను పెట్టిన అన్నమే గదా," అంది. "రోజూ వడ్డించి వడ్డించి పెట్టినా."

ఆ వారమే అమ్మ కళ్ళద్దాలు చేయించుకుంది. నాయన ఇంటికి వచ్చిన మర్నాడు పొద్దున నేను వెనక్కు వెళ్ళేసరికి ఉతికే రాయి దగ్గర ఆమే కూర్చొని ఉంది. గాజు గొట్టాన్ని పట్టకారుతో పట్టుకొని దీపం మీద తిప్పుతోంది. నేను చెయ్యి చాపితే, "నువ్వు స్కూలుకి పో. ఇంక నేనే చూస్తా," అంది. ఆ మాటకు నేను స్కూల్లో రోజంతా ఏ క్లాసులోనూ సరిగ్గా పాఠం చెప్పలేకపోయాను.

నాయన నిజంగానే మానేశాడు. జాంగ్రీ, జిలేబి, చివరికి బయట తాగే టీలో చక్కెర కూడా. సంకటి తిన్నాడు. గంగలో వదిలిన కాకరకాయ తిరిగి ముట్టడానికి మాత్రం ఒప్పుకోలేదు. అది మాట అన్నాడు. అమ్మ మెంతులు నానబెట్టి ఇచ్చేది, ఆ నీళ్ళు కళ్ళు మూసుకొని తాగేవాడు. ఒకరోజు అమ్మ గొట్టాన్ని వెలుతురుకు పట్టి చూసి, నన్ను పిలిచి చూపించింది. పచ్చ. ఈసారి నిజం పచ్చ. 

ఆ ఆదివారం నాయన మధ్యాహ్నం భోజనానికి ముందు, "పాపా, పోయి ఒక జిలేబి తే," అన్నాడు.

అమ్మ గరిటె పట్టుకొని వంటింట్లోంచి వచ్చేసింది.

"నాకి కాదు. దానికి," అన్నాడు.

"నాకొద్దు నాయనా. నేనూ మానేసినా."

"నువ్వెందుకు మానాల? నీ కాలు బాగుండాది గదా. తిను. తింటా ఎట్లుండాదో చెప్పు. నేను ఉత్త పెరుగన్నం తింటా వింటా."

"ఇదేం తిండయ్యా, నేనేడా చూడలా," అంది అమ్మ. కానీ వద్దనలేదు. నేను వెళ్ళి ఒకే ఒక్క జిలేబి తెచ్చాను. ముగ్గురం చాప మీద కూర్చున్నాం. నాయన కట్టుకట్టిన కాలు నా పక్కకే చాపుకున్నాడు. నేను జిలేబి తుంచి నా పెరుగన్నం మీద వేశాను. ఆయన తన కంచంలో చెయ్యి పెట్టి ఆగాడు.

"చెప్పు."

"ముందర పులుపు తెలస్తా ఉండాది. పాకం ఇంకా దిగలా."

"ఆగు. ఇప్పుడు?"

"ఇప్పుడు దిగింది."

అప్పుడు ఆయన ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలినంతసేపూ నా నోటి వైపే చూశాడు. "ఉప్పు?" అని అడిగాడు. చాల్లేదన్నాను. అమ్మను అడిగి తన కంచంలో రెండు పలుకులు వేయించుకున్నాడు. కరకరలాడుతోందా అన్నాడు. ఒక అంచు ఆడుతోంది, ఒక అంచు నానింది అన్నాను. అట్లా ముద్ద ముద్దకూ అడిగాడు, ముద్ద ముద్దకూ చెప్పాను. ఈసారి ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. నాకు సిగ్గుగా ఉంది, అయినా తిండి రుచిగానే ఉంది. రెండూ నిజమే.

నాకంటే ముందే ఆయన తినడం ముగించి, కంచం పక్కకు జరిపి, చెంబులో నీళ్ళతో చెయ్యి కడుక్కున్నాడు. నేను చివరి తునక తుంచుతుంటే చిటికెడంత ముక్క జారి ఆయన మోకాలి దగ్గర చాప మీద పడింది. అమ్మ చూసింది. నేనూ చూశాను. నాయన వంగి, దాన్ని రెండు వేళ్ళతో ఏరి నా కంచంలో వేశాడు. ఆయన వేళ్ళకు పాకం అంటుకుంది. ఆ చేతిని ఒళ్ళో పెట్టుకోకుండా, ఎత్తకుండా, కాసేపు గాల్లోనే పట్టుకొని కూర్చున్నాడు. తర్వాత అమ్మ వైపు చాపాడు. అమ్మ చెంబు వంచి నీళ్ళు పోసింది.